బొమ్మలో టైమెంత?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన హోర్డింగులు ఎప్పుడైనా గమనించారా? కట్టబోయే అపార్ట్‌మెంట్ ఎవరిదైనా కానీండి, బొమ్మలో టైము మాత్రం సాయంత్రం ఆరున్నరే. ముదురు నీలం ఆకాశం, దాని అంచున కాస్త నారింజ. ప్రతి కిటికీలోనూ పసుపు వెలుగు. కింద రోడ్డు తడిగా ఉంటుంది గానీ వాన పడిన జాడ ఇంకెక్కడా ఉండదు. తడి మీద దీపాలు మెరుస్తాయని తడిపారు, అంతే.

వెక్కిరించడానికి చెప్పట్లేదు. అలాంటి బొమ్మ నేనూ ఒకటి చేశాను. మా ఇంటికే.

నాలుగేళ్ల కిందటి మాట. మా నాయన టీచరుగా రిటైరై, కర్నూలు శివార్లలో ఎప్పుడో కొన్న స్థలంలో ఇల్లు మొదలుపెట్టాడు. రోడ్డు పడమటి వైపు. ప్లాను గీసింది మా పిన్ని కూతురు, ఆర్కిటెక్టు. ముందు వైపు ఎనిమిదడుగుల వసారా, దాని వెనక హాలు. నేను చేసేది బ్యాకెండ్ ఉద్యోగమే గానీ శని, ఆదివారాలు బ్లెండర్‌తో ఆడుకోవడం అలవాటు. "త్రీడీ బొమ్మ నేను చేసిస్తాలే" అన్నాను.

మొదట పొద్దున పది గంటల వెలుగులో చేశా. పడమటి ముఖం కదా, ఆ వేళకి నీడలో ఉంది. చప్పగా వచ్చింది. మధ్యాహ్నం పెడితే నీడలు వస్తువుల కాళ్ల కింద ముడుచుకుపోయాయి, కిటికీలు నల్లటి గుంటల్లా కనిపించాయి. మబ్బు ఆకాశం పెడితే గోడ రంగు నిజాయితీగా వచ్చింది గానీ ఇల్లు అట్టపెట్టెలా చదునుగా అయిపోయింది. చివరికి అందరూ చేసేదే చేశా. సూర్యుణ్ణి దించేసి, లోపల లైట్లు వేశా.

సంధ్య వేళ ఇల్లు ఎందుకంత బాగుంటుందో లెక్క ఉంది. నడి ఎండలో బయట వెలుగు లక్ష లక్స్ దాకా ఉంటుంది. హాల్లో ట్యూబ్‌లైట్ కింద మహా అయితే రెండు మూడు వందలు. కెమెరా బయటి వెలుగుకి సర్దుకుంటే లోపలంతా చీకటే. సూర్యుడు అస్తమించి నాలుగైదు డిగ్రీలు కిందికి దిగాక ఆకాశం వెలుగు పడిపోయి, ఇంటి దీపాలతో దాదాపు సమానమవుతుంది. అప్పుడు ఇల్లూ ఆకాశమూ ఒకే బొమ్మలో ఇముడుతాయి. పైగా లోపలి బల్బు 3000 కెల్విన్ పసుపు, బయటి ఆకాశం 10,000 కెల్విన్ దాటిన నీలం. ఒకదాని పక్కన ఒకటి ఉంటే రెండూ వెలుగుతాయి. అన్నిటికంటే పెద్ద సంగతి, దీపాలు పెట్టే వేళ అంటే మనకి ఇంటికి చేరుకునే వేళ. చూసేవాడు ఇటుకల్ని చూడడు, లోపల తన కోసం ఎవరో కాచుకుని ఉన్నారనుకుంటాడు.

ఒక్కటే ఇబ్బంది. వసారా స్తంభాలు హాలు కిటికీకి అడ్డమొచ్చి ఆ పసుపు వెలుగు సరిగా కనపడలేదు. ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని, ఒక్క క్లిక్‌తో వసారాని దాచేశా. కిటికీని ఇంకాస్త వెడల్పు చేశా. అదిరిపోయింది.

రెండు బొమ్మలూ నాయనకి పంపాను. ఆయన మొదటిది చూసినట్టే లేదు. రెండోదాన్ని జూమ్ చేసి, పక్కింటాయనకి కూడా చూపించి, "ఇంత మంచి ఎలివేషన్‌కి వసారా అడ్డమెందుకు రా, ఖర్చు కూడా తగ్గుతాది" అన్నాడు. అమ్మ మాత్రం ఫోను చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "అది సరే, పగలు ఎట్లుంటాది?" అంది.

"పగలు కూడా ఇట్లనే ఉంటాదిలేమ్మా" అన్నాను.

చెల్లెలు ఫోన్ చేసి గట్టిగానే చెప్పింది. "అన్నా, అది వెస్ట్ ఫేస్. వసారా తీస్తే ఎండంతా హాల్లోకే." మంచి గాజు వేద్దాంలే, పైన రెండడుగుల సజ్జా ఉంది కదా అన్నాను. కట్టేవాళ్లు, ఉండబోయేవాళ్లు, కొడుకు, అందరూ ఒక వైపు ఉంటే తను మాత్రం ఏం చేస్తుంది?

గృహప్రవేశం కార్తీకంలో. అంతా బాగుంది. తర్వాత వచ్చిన మే నెలలో వారం సెలవు పెట్టి వెళ్లాను. మూడు గంటలకి అమ్మ లేచి, కుర్చీ తీసుకుని వెనక వంటింటి పక్క గదిలోకి వెళ్లిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, రోజూ జరిగేదే అన్నట్టు. హాల్లో మందపాటి కర్టెన్లు వేసేసి ఉన్నాయి. నాలుగింటికి సోఫా చేతి మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. అదే గోడకి, ఫ్రేము కట్టించి, నా బొమ్మ.

ఆ రాత్రి లాప్‌టాప్‌లో పాత ఫైలు తెరిచాను. బ్లెండర్‌లో ఒక యాడాన్ ఉంది. అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము ఇస్తే సూర్యుణ్ణి ఆకాశంలో సరైన చోట పెడుతుంది. అది అప్పుడూ ఉంది. నేనే వాడలేదు. కర్నూలు, మే 15, సాయంత్రం నాలుగు అని ఇచ్చా. సూర్యుడు పడమరకి కాస్త ఉత్తరంగా, 36 డిగ్రీల ఎత్తులో వచ్చి నిలబడ్డాడు. ఆ ఎత్తులో రెండడుగుల సజ్జా ఇచ్చే నీడ అడుగున్నర. ఐదింటికి సూర్యుడు 22 డిగ్రీలకి దిగితే, అడుగు కూడా లేదు. దక్షిణం వైపు పనికొచ్చే సజ్జా పడమటి ఎండ ముందు ఏమీ చేయలేదు. దాచేసిన వసారాని మళ్లీ ఆన్ చేశా. స్లాబు అంచు నుంచి దాదాపు ఆరడుగుల నీడ కిందికి దిగింది. కిటికీ సగం పైగా నీడలోకి వెళ్లింది.

ఇంకోటి కూడా గమనించాను. బొమ్మలో వాడిన ఆకాశం నెట్‌లో ఉచితంగా దొరికిన పనోరమా. యూరప్‌లో ఎక్కడో తీసింది. ఉత్తర యూరప్‌లో జూన్ నెల సంధ్య గంటకి పైగా సాగుతుంది. మన దగ్గర సూర్యుడు నిట్టనిలువుగా దిగిపోతాడు కాబట్టి ఇరవై, పాతిక నిమిషాల్లో అయిపోతుంది. కర్నూలు ఇంటి మీద పరాయి ఆకాశం కప్పి, రోజులో ఇరవై నిమిషాలు మాత్రమే ఉండే ఇంటిని అమ్మానాన్నలకి చూపించాను.

జూలియస్ షుల్మాన్ 1960లో లాస్ ఏంజెలస్‌లో తీసిన ఫోటో ఒకటి ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. పియర్ కోనిగ్ డిజైన్ చేసిన గాజు ఇల్లు, లోపల కబుర్లు చెప్పుకుంటున్న ఇద్దరు అమ్మాయిలు, కింద నగరమంతా దీపాలు. నగరం దీపాల కోసం కొన్ని నిమిషాల ఎక్స్‌పోజర్, లోపలి మనుషుల కోసం ఫ్లాష్, రెండూ ఒకే ఫిల్ము మీద. గొప్ప ఫోటో, సందేహం లేదు. ఔటర్ రింగ్ రోడ్డు హోర్డింగులన్నీ దానికి దూరపు చుట్టాలే అనిపిస్తుంది నాకు. కానీ అది కట్టేసిన ఇంటి ఫోటో. కావాలంటే మధ్యాహ్నం వెళ్లి చూసి రావచ్చు. కట్టని ఇంటికి ఆ అవకాశం లేదు. దానికి బొమ్మలో ఉన్న టైము ఒక్కటే ఉంటుంది.

మోనే 1892, 93ల్లో రువాన్ కెథెడ్రల్ ముందు చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అదీ పడమటి ముఖమే. వెలుగు మారినప్పుడల్లా కాన్వాసు మారుస్తూ, ముప్పైకి పైగా చిత్రాలు వేశాడు. 1895లో పారిస్‌లో వాటిలో 20 ఒకేచోట ప్రదర్శించాడు. వరసగా చూస్తే వాటిలో ఏది అసలు కెథెడ్రల్ అని అడగబుద్ధి కాదు. ఇంటికి ఇరవై బొమ్మలు అక్కర్లేదు, రెండు చాలు. ఒకటి ఇల్లు బాగా కనిపించే వేళ, రెండోది ఆ ఇంట్లో ఉండటం కష్టమయ్యే వేళ.

ఇప్పుడు చెల్లెలు అప్పుడప్పుడూ నా చేత బొమ్మలు చేయిస్తుంది. సాయంత్రం బొమ్మ చేస్తాను, దాంతోపాటు మే 15, నాలుగు గంటల బొమ్మ కూడా అడక్కుండానే పంపుతాను. ఒకరిద్దరు క్లయింట్లు "ఇది ఎందుకు పెట్టారండీ, బాలేదు" అన్నారట. ఒకావిడ మాత్రం పడకగది కిటికీ ఉత్తరానికి మార్పించుకుందట.

మా ఇంటికి వసారా ఇంకా రాలేదు. కిటికీ ముందు ఇనుప ఫ్రేము కొట్టించి వట్టివేళ్ల తడికలు కట్టాం. మధ్యాహ్నం నాయన పైపుతో వాటిని తడుపుతాడు. బొమ్మ గురించి ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఫ్రేము గోడ మీదే ఉంది.

మొన్న వెళ్లినప్పుడు చీకటి పడే వేళకి ముగ్గురం బయట మెట్ల మీద కూర్చున్నాం. అమ్మ లోపల లైటేసి వచ్చింది. ఆకాశం నీలం, కిటికీ పసుపు, అచ్చం నేను చేసినట్టే ఉంది ఇల్లు. వెనక గోడ నుంచి మాత్రం పగటి సెగ ఇంకా వీపుకి తగులుతోంది.