విశ్వదాత గృహస్థాశ్రమం

మహాభారత శాంతిపర్వంలో తులాధారుడనే వణిక్కు కనిపిస్తాడు. వారణాసిలో సుగంధద్రవ్యాలు, ఓషధులు, మూలికలు విక్రయించి జీవించినవాడు. జటలలో పక్షులు గూడు కట్టి పిల్లలను చేసేవరకు కదలక తపస్సు చేసిన జాజలి మహర్షికి ధర్మసూక్ష్మం తెలియవలసి వచ్చినప్పుడు, ఆయన వెళ్ళవలసి వచ్చింది ఏ ఆశ్రమానికీ కాదు, ఈ అంగడికే. తన త్రాసు సర్వభూతాల పట్ల సమంగా ఉంటుందని ఆ వర్తకుడు మహర్షికి చెప్పాడు. తపస్సు చేయని గృహస్థుడు తపస్వికి బోధించే ఈ ఘట్టాన్ని పారాయణ చేసేవారు సైతం త్వరగా దాటిపోతుంటారు. అంగడికీ ఆత్మవిచారానికీ పొత్తు కుదరదనే భావన మన మనస్సులలో అంత గాఢంగా నాటుకొని ఉంది.

ఓషధి విక్రయంతోనే సంసారాన్ని నడిపిన గృహస్థుడొకరు ఆంధ్రదేశంలోనూ జన్మించారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణామండలంలోని ఎలకుర్రు గ్రామంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. బందరులోను, అనంతరం మద్రాసు క్రైస్తవ కళాశాలలోను విద్యాభ్యాసం సాగింది. నాటి పట్టభద్రులలో అనేకులు కోరుకొన్న సర్కారు కొలువు వైపు ఆయన దృష్టి నిలువలేదు. కలకత్తా, రంగూన్ నగరాలు చూసి చివరకు బొంబాయి చేరారు. 1893లో అక్కడ అమృతాంజనం పుట్టింది. కర్పూరం, పిప్పర్మెంటు పువ్వు పరిమళించే ఆ పసుపుపచ్చని లేపనం తలనొప్పికి తెలుగువారి ఇళ్ళలో మారుపేరయింది.

సంగీతసభలలో శ్రోతలకు అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టేవారని ప్రసిద్ధి. దీనిని కొందరు దానగుణానికి నిదర్శనంగా కీర్తిస్తారు. అలా అనడం సత్యదూరం. అది వ్యాపారం, నిపుణుడైన వర్తకుని ప్రచారపద్ధతి. అందులో లజ్జించవలసినదీ లేదు, పూజించవలసినదీ లేదు. ఆయన దానం వేరొక చోట వెదకదగినది.

లేపనం ఆర్జించిన ధనం అక్షరంలోకి ప్రవహించింది. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా ఆరంభమైంది. 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో భారతి సాహిత్యమాసపత్రిక వెలువడింది. 1926లో ఆంధ్రగ్రంథమాల మొదలైంది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఆ మాలలోనే పాఠకుల చేతికి వచ్చింది. శివభక్తుల చరిత్రలను ఈనాడు చదువుకొనేవారు ఆ అంజనపు సీసాకు కొంత ఋణపడి ఉన్నారంటే అతిశయోక్తి కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో దివంగతులైన పిమ్మట నిలిచిపోయిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వాన్ని మరల చేపట్టి ముద్రించినదీ పంతులుగారే. గృహస్థుడు మూడు ఋణాలతో పుడతాడని శ్రుతి. వాటిలో ఋషిఋణం స్వాధ్యాయంతో తీరుతుంది. తాను చదివి తీర్చుకొనేవారు కొందరు. పదిమంది చేత చదివించి తీర్చుకొన్నవారు ఈయన.

అయితే ఇక్కడొక ప్రశ్న సాధకుణ్ణి వేధిస్తుంది. ఇంత విడిచిపెట్టగలిగినవాడు సమస్తమూ విడిచిపెట్టి కాషాయం ధరించవచ్చు గదా? లేదా, భార్యనూ బిడ్డనూ పోషించవలసిన కుటుంబి ఇంత వెచ్చించడం తనవారి పట్ల అపరాధం కాదా? ఈ రెండు ఆక్షేపణలూ రెండు వైపుల నుండి గృహస్థుణ్ణి లాగుతూనే ఉంటాయి. పంతులుగారు రెంటికీ లొంగలేదు. ఆయన పాలు పంచారు గాని ఆవును విడువలేదు. వ్యాపారాన్ని చెదరనీయలేదు, 1936లో దానిని లిమిటెడ్ కంపెనీగా రూపొందించారు. ఒకనాడు సర్వస్వాన్నీ త్యజించడానికి ఒక్క క్షణపు వైరాగ్యం చాలును. ప్రతి సంవత్సరమూ ఆర్జించి, ప్రతి సంవత్సరమూ ఇచ్చి, మరునాడు ఉదయం తిరిగి లెక్కల పుస్తకం ముందు కూర్చోవడానికి మాత్రం జీవితకాలపు ఓర్పు కావాలి. శ్మశానవైరాగ్యం ఎరిగిన దేశానికి ఈ భేదం వివరించి చెప్పనక్కరలేదు.

ఆ లెక్కల పుస్తకం ఆయన చేతినుండి జారిన కాలమూ వచ్చింది. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని, అరవై దాటిన వయస్సులో కారాగారవాసం అనుభవించారు. అక్కడ అంగడి లేదు, అచ్చుయంత్రం లేదు, యాచించి వచ్చేవాడు లేడు, ఇంటి గడప లేదు. చేతినిండా పని గల మనిషికి హఠాత్తుగా పని లేకుండా పోయింది. ఆ ఏకాంతంలో ఆయన భగవద్గీతకు వ్యాఖ్యానం వ్రాశారు. కర్మయోగాన్ని వ్యాఖ్యానించిన ఆచార్యులలో అధికులు కర్మను దూరం నుండి చూసినవారు. నాలుగు దశాబ్దాలు కొని, అమ్మి, లాభనష్టాలను రెంటినీ చవిచూసినవాడు ఫలాపేక్షను గురించి వ్రాయడానికి కూర్చున్నప్పుడు, అతనికి ఆ పదం శబ్దమాత్రం కాదు. ప్రతి రాత్రి దీపం ఆర్పకముందు ఎదుర్కొన్న వస్తువు. గీతాపఠనానికి విశ్రాంతివయస్సును కేటాయించుకొనేవారు ఈ సంగతిని ఒకమారు తలపోయవలసి ఉంది.

మద్రాసు మైలాపూరులో ఆయన గృహం పేరు శ్రీబాగ్. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు ఆ ఇంటనే సమావేశమై పరస్పర అనుమానాలను తొలగించుకొని ఒడంబడిక చేసుకొన్నారు. కలహించిన దాయాదులు పెద్దవాని పంచన చేరి కూర్చున్నట్లు సాగిన సమావేశమది. ఆతిథ్యమిచ్చిన గృహస్థుకు అప్పటికి డెబ్బది నిండాయి. ఐదు నెలలు గడవకముందే, 1938 ఏప్రిల్ 11న, ఆయన కన్నుమూశారు.

విశ్వదాత అని లోకం పిలిచిన ఆ వణిక్కు వెనుక, అమృతాంజనం బాధ్యతనూ పత్రికల బాధ్యతనూ అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు స్వీకరించారు. ధనం వచ్చే త్రోవతో పాటు ధనం పోయే త్రోవ కూడా ఆ ఇంట వారసత్వంగానే సంక్రమించింది. మామగారు నాటిన భారతి ఆయన అనంతరం ఐదు దశాబ్దాలకు పైగా నెలనెలా తెలుగు పాఠకుల ఇంటికి వస్తూనే ఉండినది.