మూసీ ఒడ్డున ఆగే మంద
గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానానికి చేరింది. కాపరికీ కంచానికీ మధ్య ఉండాల్సిన కబేళాలు మాత్రం ఆ వేగాన్ని అందుకోలేదు

తెల్లవారకముందే పురానాపూల్ దాటి మూసీ ఒడ్డునే సాగితే జియాగూడ ఎక్కడో ఎవరినీ అడగనక్కర్లేదు. ముందు వాసన చెబుతుంది, ఆ తర్వాత గొర్రెల అరుపులు. లారీలు, డీసీఎం వ్యాన్లు వెనక తలుపులు తెరుచుకుని నిలబడి ఉంటాయి. రాత్రంతా ఇరుకులో నిలబడి వచ్చిన జీవాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిందికి దూకుతాయి. కొన్ని పాలమూరువి, కొన్ని రాయలసీమవి, మరికొన్ని కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వచ్చినవి. బోనాల వారాల్లో, బక్రీద్ ముందు రోజుల్లో ఇక్కడ కాలు పెట్టే సందుండదు. దేశంలోని పెద్ద గొర్రెల మండీల్లో ఇదొకటి. పక్కనే కబేళా, దాని చుట్టూ తరాలుగా ఇదే వృత్తిలో ఉన్న ఆరె కటికల ఇళ్లు.

బేరంలో తక్కెడ కనిపించడం అరుదు. కొనేవాడు గొర్రె నడుము మీద అరచెయ్యి ఆనించి, వెన్ను పక్క కండ నొక్కి చూసి, ఎన్ని కిలోల మాంసం పడుతుందో మనసులోనే లెక్కేసుకుంటాడు. బతికున్న గొర్రె బరువులో మాంసం పడేది దాదాపు సగం. ఆ అంచనాలో ఒక్క కిలో తేడా వచ్చినా అమ్మేవాడికి వందల రూపాయల నష్టం. హైదరాబాద్‌లో మటన్ కిలో 800 రూపాయలు దాటి చాలాకాలమైంది మరి. రోజూ వందల గొర్రెల్ని తడిమే చెయ్యి ఒకవైపు, ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే అమ్మే చెయ్యి ఇంకోవైపు. పందెం సమానం కాదు. పైగా ధర నచ్చలేదని మందను వెనక్కి తోలుకెళ్లే వీలు లేదు. దారి ఖర్చు, మేత ఖర్చు కాపరినే కాటేస్తాయి. అందుకే చాలామంది ఇంత దూరం రారు. ఊరికొచ్చిన దళారి చెప్పిన ధరకే ఇచ్చేస్తారు.

ఈ మండీకి వచ్చే దారుల్లో ముఖ్యమైనది 44వ నంబరు జాతీయ రహదారి. దానిమీద దక్షిణానికి దాదాపు 150 కిలోమీటర్లు వెళితే వనపర్తి జిల్లా పెబ్బేరు వస్తుంది. శనివారం సంతకు పేరున్న ఊరది. ఎడ్లు, బర్రెలు, మేకలు, గొర్రెలు అన్నీ ఇక్కడికి చేరతాయి. భుజాన గొంగడి, చేతిలో కర్రతో వచ్చే పెద్దవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ గొంగడికి ఉన్నినిచ్చిన నల్ల దక్కనీ గొర్రె మాత్రం మందల్లో తగ్గిపోతోంది. దాని స్థానంలో పొడుగు కాళ్ల నెల్లూరు జాతి గొర్రెలు నిండాయి. వాటికి ఉన్ని ఉండదు, మాంసం కోసమే పెంచుతారు. మంద రంగు మారడంలోనే మార్కెట్ చరిత్ర ఉంది.

ఆ మార్పుకు ప్రభుత్వం కూడా చెయ్యి కలిపింది. 2017 జూన్‌లో మొదలైన పథకం కింద గొల్ల కురుమ కుటుంబాలకు 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. పొరుగు రాష్ట్రాల నుంచి లక్షల జీవాలు తరలివచ్చాయి. కొనుగోళ్లలో, రవాణా లెక్కల్లో అక్రమాలను 2024లో కాగ్ నివేదిక ఎత్తిచూపింది. అది వేరే కథ. 2019 పశుగణనలో మాత్రం తెలంగాణ గొర్రెల సంఖ్య 1.9 కోట్లకు చేరి దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2012లో అది 1.28 కోట్లే. ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. ఇన్ని జీవాలను కాపరుల చేతికిచ్చిన వ్యవస్థ, అవి మాంసంగా మారే చోటు గురించి అంత శ్రద్ధ పెట్టలేదు.

పెబ్బేరులాంటి ఊళ్లలో ఆదివారం మాంసం ఎక్కడ కోస్తారో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. వేపచెట్టు కింద, రోడ్డువార పాకలో, చెరువు గట్టున కోస్తారు. నలుగురు కలిసి ఒక పొట్టేలును కొని పోగులు వేసుకోవడం పల్లెల్లో పాత పద్ధతే. ఊరంతా ఎరిగిన జీవం, ఊరి కత్తి, గంటలో ఖాళీ. అక్కడ ప్రమాదం తక్కువ. చిక్కంతా ఆ పద్ధతి పట్టణాల దాకా పాకడంలోనే ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని జీవాన్ని డాక్టరు చూడకుండానే కోసి, ఈగలు ముసిరే కొక్కేనికి వేలాడదీస్తారు. రక్తం కాలువలో కలుస్తుంది.

చట్టం ఏం చెబుతోంది? కబేళాల నియంత్రణ మునిసిపాలిటీల పని అని 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలులోనే ఉంది. 2001 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించరాదు. పరీక్ష తర్వాత 24 గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఒక జీవాన్ని మరో జీవం కళ్లముందు కోయరాదు. లెక్క వేస్తే సంగతి తేలిపోతుంది. 960 గొర్రెలకు పదిమంది డాక్టర్లు కావాలి. పెబ్బేరు సంతలో శనివారం సాయంత్రం లారీ ఎక్కిన గొర్రె ఆదివారం మధ్యాహ్నానికి నగరంలో కూర కావాలంటే, ఆ 24 గంటలు ఎక్కడి నుంచి వస్తాయి?

జవాబు సంతల దగ్గరే ఉంది. జీవాన్ని 150 కిలోమీటర్లు మోసుకెళ్లే బదులు సంత పక్కనే తక్కెడ, నీళ్లు, విశ్రాంతి దొడ్డి, కళేబరాన్ని నేల తాకనివ్వని పట్టాలు, రక్తం పట్టే తొట్టి, ఒక డాక్టరు ఉంటే చాలు. అది రోజుకు కొన్ని డజన్ల జీవాల స్థాయిలో ఉన్నా ఫర్వాలేదు. తక్కెడ ఉంటే కాపరికి బరువు తెలుస్తుంది, మాంసం మీద ముద్ర ఉంటే కొనేవాడికి నమ్మకం కలుగుతుంది. అంతకన్నా పెద్ద లాభం ఇంకొకటుంది. కోసినప్పుడు కార్జంలో జలగలు బయటపడితే ఆ మంద మేసే చెరువు గట్టు గురించి కాపరిని హెచ్చరించవచ్చు. కబేళా నడిచే తీరు బాగుంటే అది రోగాల మీద నిఘా కేంద్రం కూడా అవుతుంది. ఈ విద్య నేర్పే సంస్థ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 1999లో ఏర్పాటైన జాతీయ మాంస పరిశోధన సంస్థ హైదరాబాద్ శివారు చెంగిచర్లలోనే ఉంది.

అయినా పని జరగకపోవడానికి కారణాలు బలమైనవే. కబేళా కావాలని అందరూ అంటారు, తమ వాడలో మాత్రం వద్దంటారు. కంపుకు, కుక్కలకు, కలుషిత నీటికి భయపడే ఆ జనాన్ని తప్పుపట్టలేం. మూసీ వైపు చూస్తే ఆ భయం ఎందుకో అర్థమవుతుంది. యంత్రాలొస్తే కాంట్రాక్టరు వస్తాడని, కత్తి తమ చేతుల్లోంచి పోతుందని కటికల అనుమానం. శీతల గదిలో పెట్టిన మాంసాన్ని తెలుగువాళ్లు ఇంకా పూర్తిగా నమ్మరు. కళ్లముందు కోసిందే తాజా అని లెక్క. అందుకే ఊరికి దూరంగా కట్టే భారీ కర్మాగారం కన్నా, అదే కటికలకు అప్పగించే చిన్న కబేళాయే ఇక్కడి అలవాట్లకు సరిపోతుంది.

నడపకుండా మూసేస్తే ఏమవుతుందో ఉత్తరప్రదేశ్ 2017లో చూసింది. లైసెన్సు లేని కబేళాలపై ప్రభుత్వం విరుచుకుపడితే దుకాణాలు మూతపడ్డాయి, కటికలు వీధినపడ్డారు. లైసెన్సుల సంగతి తేల్చే బాధ్యత, వసతులు కల్పించే బాధ్యత ప్రభుత్వానిదేనని అలహాబాద్ హైకోర్టు గుర్తుచేయాల్సి వచ్చింది.

ఇది ఒక్క వృత్తి సమస్య కూడా కాదు. తెలంగాణ జనాభాలో దాదాపు 99 శాతం మాంసాహారులేనని 2014 నాటి కేంద్ర సర్వే తేల్చింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం రాష్ట్రంలోని 15-49 ఏళ్ల మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. తినే అలవాటు ఉంది, గొర్రె ఉంది. అందుబాటు ధరలో శుభ్రమైన మాంసం లేదు.

శనివారం పొద్దు వాలేసరికి పెబ్బేరు సంత పలచబడుతుంది. అమ్ముడైన జీవాల వీపులకు కొన్నవాడి రంగు గుర్తు పడుతుంది. కాపరి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని పంచె మడతలో దోపుకుంటాడు. తన గొర్రె ఎంత తూగిందో అతనికి తెలియదు. లారీ హైదరాబాద్ దారి పడుతుంది.