నంబరు మనదే... మరి పేరు?

కార్తీకం వచ్చిందంటే మా ఇంట్లో ఓ పాత ఫోన్‌ నంబరు తెగ మోగుతుంది. తిరుచానూరులో పంచమీ తీర్థానికి రావాలనుకునే నాన్న స్నేహితులు, దూరపు చుట్టాలు చేస్తారు. ‘‘వదినా, ఈసారి జనం ఎక్కువగా ఉండారా? ఆ రాత్రికి ఇంట్లో చోటుందా?’’ అని అడుగుతారు. నంబరు నాన్నది. ఇంట్లో సిగ్నల్‌ అందక ఆయనుండగానే కంపెనీ మార్చుకున్నారు. ఆయన పోయాక అమ్మ పేరుకు మార్పించాం. ఇన్ని మారినా పలకరింపులు ఆగలేదు.

దీనికి కారణం 2011 జనవరి 20న దేశమంతటా అమల్లోకి వచ్చిన నంబరు పోర్టబిలిటీ. అంతకుముందు కంపెనీ మారితే నంబరు వదులుకోవాల్సిందే.

మరి ఇంటర్నెట్‌లో మన పేరు, మన మాటలు ఎవరివి? 2004లో మొదలైన ఆర్కుట్‌ గుర్తుందా? స్క్రాపులు రాసుకుని, కమ్యూనిటీల్లో చేరి మురిసిపోయిన తరం మనది. 2014 సెప్టెంబరు 30న అది మూతపడింది. ఫొటోలూ రాతలూ దించుకోవడానికి 2016 సెప్టెంబరు దాకా గడువిచ్చారు. మూటైతే కట్టుకోవచ్చు. కానీ దాన్ని విప్పుకుని మళ్లీ కాపురం పెట్టడానికి మరో ఊరేదీ?

ఫోన్‌కూ దీనికీ తేడా అదే. నేను కంపెనీ మారినా మీరు మీ కంపెనీ నుంచే నాకు ఫోన్‌ చేస్తారు. సైటు మారితే మాత్రం పాత స్నేహితులు అక్కడే ఉండిపోతారు. వేర్వేరు సైట్లలోని వాళ్లు మాట్లాడుకునేందుకు ఉమ్మడి భాషలాంటి యాక్టివిటీపబ్‌ను వరల్డ్‌ వైడ్‌ వెబ్‌ కన్సార్షియం 2018లో ఆమోదించింది. మాస్టడాన్‌ దానిమీదే నడుస్తోంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాది ఇంకో దారి. అక్కడి వ్యాసాలన్నిటినీ ఎవరైనా దించుకుని, మూలం చెప్పి, అవే షరతులతో వాడుకోవచ్చు. రేపు ఆ సైటే లేకపోయినా రాసినవాళ్ల శ్రమ మిగులుతుంది.

చిక్కు లేకపోలేదు. నేను రాసింది నాది. దానికింద మిత్రుడు రాసిన జవాబు అతనిది. అతన్ని అడక్కుండా రెండూ మోసుకుపోతే ఎలా? ఇలాంటివి తేల్చడానికే చట్టం కావాలి. ఐరోపాలో తమ సమాచారాన్ని వెంట తీసుకెళ్లే హక్కు 2018 మే 25 నుంచి ఉంది. మన దగ్గర 2019 నాటి బిల్లులో ఆ హక్కు ఉంది. 2023లో చేసిన చట్టంలో మాత్రం కనిపించదు.

పది అంకెల నంబరుకు ఇచ్చిన హక్కు, పదేళ్ల స్నేహాలకు ఎందుకివ్వకూడదు?