ఆరో వరుసకు నీళ్లు రాలేదు



శనివారాలు మీ పిల్లలు మోకాళ్ల దగ్గర మట్టి మరకలతో ఇంటికి వస్తున్నారు. ఏడో తరగతి సైన్స్ టీచర్‌గా ఆ మరకలకు కారణం నేనే. మొన్నామధ్య ఒక పేరెంట్ డైరీలో ఇలా రాశారు: "మేం ఫీజు కట్టేది చదువుకు, మట్టి పనికి కాదు." ఆ మాటకు జవాబు ఇద్దామనే ఈ పేజీ అడిగి తీసుకున్నాను. కానీ ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి.

స్కూలు వెనక మా మడిలో 6 వరుసలున్నాయి, ఒక్కోటి 20 అడుగులు. టమాటా, వంగ, మిరప వేశాం. డాబా మీది ట్యాంకు నుంచి ఒక పీవీసీ మెయిన్ పైపు దింపి, దానికి వరుసకొక డ్రిప్ టేపు కలపాలనుకున్నాం. మోటారు అక్కర్లేదు. నీళ్లు 10 మీటర్ల ఎత్తులో ఉంటే కింద దాదాపు కిలో ప్రెషర్ వస్తుంది, అది పాఠంలో ఉన్నదే. టేపు సన్నగా రిబ్బన్‌లా ఉంటుంది, అడుగుకొక చోట నీటి చుక్క వదులుతుంది. మెయిన్ పైపుకు రంధ్రం వేసి, అందులో గ్రోమెట్ అనే రబ్బరు రింగు పెట్టి, దానిలోకి కనెక్టర్ నొక్కి, టేపును కనెక్టర్‌కు తొడిగి నట్టు బిగించాలి. చెప్పడానికి ఇంతే. బోర్డు మీద బొమ్మ కూడా చాలా అందంగా గీశాను.

పది రోజులకు ఆరో వరుసలో వంగ నారు వాడిపోయింది. మూడో వరుస మొదట్లో ఎప్పుడూ బురద. పిల్లలు ఒక్కో వరుస కింద ప్లాస్టిక్ కప్పు పెట్టి 15 నిమిషాలు నీళ్లు పట్టారు. మొదటి వరుసలో 240 మిల్లీలీటర్లు, ఆరో వరుసలో 60. గంటకు లీటరు ఇవ్వాల్సిన టేపు అది. "మేడమ్, బొమ్మలో అన్నిటికీ సమానంగా వచ్చాయి కదా?" అని ఒకడు అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

ఆ రాత్రి మా నాయనకు ఫోన్ చేశాను. మాది అనంతపురం జిల్లా, చీనీ తోట. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మసేద్య పథకం మొదలైన కొన్నేళ్లకు మాకూ డ్రిప్పు వచ్చింది. నేను ఆ పైపుల మధ్యే పెరిగాను. కానీ ఒక్కసారి కూడా వాటిని ముట్టనివ్వలేదు. చేతిలోది లాక్కుని "పోయి చదువుకో పాపా" అనేవాడు. డైరీలో ఆ వాక్యం చదివినప్పుడు నాకు కోపం రాకపోవడానికి కారణం అదే. ఆ గొంతు నాకు కొత్త కాదు.

"రంధ్రాలు ఏసినాక పైపు కొన ఇప్పి నీళ్లు ఇడిచిపెట్టినావా?" అన్నాడు నాయన.

"లేదు నాయనా. ఫిల్టర్ ఉంది కదా అని..."

"ఫిల్టర్ ఏడుంది? రంధ్రాలు ఏడున్నాయి? డ్రిల్లు పొట్టు ఫిల్టర్ దాటినాకనే కదా పడేది!"

నిజమే. ఫిల్టర్ తనకంటే ముందు వచ్చిన చెత్తనే ఆపుతుంది. నేను తర్వాత పుట్టించిన పొట్టు నీళ్లతో కొట్టుకుపోయి చివరి వరుస కనెక్టర్‌లో ఇరుక్కుంది. ఇంకో ప్రశ్న అడిగాడు: "టేపు తూట్లు పైకున్నాయా, కిందికా?" చుక్క నేలమీదే కదా పడాలి అని అన్నీ కిందికే పెట్టాను. తూట్లు పైకి ఉండాలట. కుండలో మాదిరిగా ఒండు అడుగున పేరుకుంటుంది, తూట్లు అడుగున ఉంటే అవే మూసుకుపోతాయి. మా బోరు నీళ్లలో సన్న ఇసుక వస్తుంది మరి.

సోమవారం క్లాసులో "తప్పు టేపుది కాదు, నాది" అని చెప్పాను. ఉద్యోగంలో చేరాక ఇంత కష్టమైన వాక్యం మాట్లాడలేదు. తర్వాత అంతా విప్పాం. పైపు కొన తెరిచి నీళ్లు తేటగా వచ్చేదాకా వదిలాం, తెల్లటి పొట్టు గుప్పెడు వచ్చింది. టేపుల్ని తిరగేసి, కొసలు తెరిచి కడిగి, రెండు మడతలు పెట్టి, అదే టేపు నుంచి కోసిన ముక్కను ఉంగరంలా తొడిగి మూశాం. మూడో వరుస దగ్గర నేను డ్రిల్లు వంచి పట్టుకున్నాను కాబట్టి రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డులా వచ్చింది. దానికి మందు లేదు. ఆ ముక్క కోసేసి కొత్తది అతికించాం. ఇప్పుడు ఆరో వరుసలో 230 వస్తోంది. మిగతా 10 పోయింది నీళ్లలోనా, కప్పు చూసే కళ్లలోనా అని పిల్లలు ఇంకా వాదించుకుంటున్నారు.

అసలు ఇబ్బంది ఏమిటంటే, డైరీలో రాసిన ఆయన కూతురిదే ఆ ఆరో వరుస. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక, మొక్కలు చచ్చింది నా వల్లేనని ఆయనకు చెప్పాను. ఆయన లేచి మడి దగ్గరికి వెళ్లి, కనెక్టర్‌ను రెండు వేళ్లతో కదిపి చూశారు.

"గ్రోమెట్‌కు సబ్బు నీళ్లు రాశారా మేడమ్? రాస్తే రబ్బరు చిరగకుండా దిగుతుంది."

ఆయనకు ఇంత తెలుసని నేను అనుకోలేదు. "ఇరవై ఏళ్లు చేశాను. తెలుసు కాబట్టే వద్దంటున్నా" అన్నారు. (ఇది ఆయన అనుమతితోనే రాస్తున్నాను.)

నేను వాదించలేదు. నాకు పైపులు ముట్టనివ్వని చేతులే నన్ను బీఈడీ చదివించాయి. అదే చదువుతో నేను తూట్లు కిందికి పెట్టాను. రెండూ నిజమే, ఏది ఎక్కువ నిజమో ఆయనకు చెప్పే వయసు నాకు లేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆ అమ్మాయి కప్పుల లెక్క రాస్తుంది, గ్రాఫ్ గీస్తుంది, తవ్వే పనికి రాదు. పోయిన శనివారం ఆయన ఆమెతో ఒక పాత సబ్బు ముక్క పంపారు.

వచ్చే శనివారం మిరప వరుసకు కొత్త టేపు కలుపుతాం. పాత చొక్కా ఒకటి బ్యాగులో పెట్టి పంపండి. మట్టి పని వద్దనుకునేవాళ్లు డైరీలో ఒక్క ముక్క రాయండి, మీ పిల్లలకు లెక్కలు రాసే పని ఇస్తాను. ఈసారి డ్రిల్లు మాత్రం నేను పట్టుకోను, మా ఎలక్ట్రీషియన్ అన్న పట్టుకుంటాడు.