ఒక ఊరు... రెండు దిబ్బలు!

పేతురు, అంద్రెయ, ఫిలిప్పు... ఈ ముగ్గురి ఊరూ బేత్సయిదా అంటుంది యోహాను సువార్త. క్రీస్తు గుడ్డివాడికి చూపునిచ్చింది ఆ ఊరి వెలుపలేనని మార్కు సువార్త చెబుతుంది. పేరుకి అర్థం 'వేట ఇల్లు'. మన తీరంలో జాలర్లు కూడా చేపలు పట్టడాన్ని వేట అనే అంటారు కదా! ఇంతకీ ఆ ఊరు ఎక్కడుంది? రెండు దిబ్బలు మాదంటే మాదని పోటీ పడుతున్నాయి.

ఉత్తర ఇజ్రాయెల్‌లోని గలిలయ సముద్రం నిజానికి మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు. యొర్దాను నది అందులో కలిసేచోటుకి దగ్గర్లో, గోలన్ ప్రాంతం అంచున ఉంది మొదటి దిబ్బ... ఎట్-టెల్. అరబ్బీలో ఆ మాటకి 'దిబ్బ' అనే అర్థం. పల్లెల్లో పాటిదిబ్బ అంటారే, అలాంటిదే. 1838లో ఎడ్వర్డ్ రాబిన్సన్ అనే అమెరికన్ పండితుడు ఇదే బేత్సయిదా అన్నాడు. 1987 నుంచి రామీ అరవ్ బృందం ఇక్కడ తవ్వకాలు జరిపింది.

జాలరి పల్లె కోసం తవ్వితే బయటపడింది ఓ రాజధాని! చుట్టూ నల్లరాతి కోటగోడ, అటూ ఇటూ రెండేసి గదులతో పెద్ద సింహద్వారం. ఆ ద్వారం పక్కనే మెట్లతో చిన్న పూజావేదిక. దాని దగ్గర ఓ రాతిపలక ముక్కలై దొరికింది. దానిమీద ఎద్దుతల, నెలవంకలాంటి కొమ్ములతో ఓ దేవుడి బొమ్మ. చంద్రదేవుడు కావచ్చంటారు. పట్టణానికి లోపలికొచ్చే ప్రతి ఒక్కరూ ముందు ఆయనకి మొక్కాల్సిందేనేమో!

ఇది గెషూరు రాజ్యపు రాజధాని అని తవ్వినవాళ్ల అభిప్రాయం. బైబిల్ తెలిసినవారికి ఆ పేరు వినగానే అబ్షాలోము గుర్తొస్తాడు. అతని తల్లి మయకా గెషూరు రాజు తల్మయి కూతురు. అన్న అమ్నోనును చంపించాక తండ్రి దావీదుకు భయపడి అతడు పారిపోయింది తాతగారింటికే. అక్కడే మూడేళ్లు తలదాచుకున్నాడు. అయితే ఇప్పుడు కనిపించే సింహద్వారం అతని కాలం నాటిది కాదు, ఆ తర్వాత కట్టింది. క్రీ.పూ. 732 ప్రాంతంలో అష్షూరు రాజు మూడవ తిగ్లత్-పిలేసెరు సైన్యం దాన్ని తగలబెట్టింది.

అంతా బాగానే ఉంది కానీ, సరస్సు ఇక్కడికి రెండు కిలోమీటర్లు. మరి పేతురు వల ఎక్కడ వేసినట్టు? ఒండ్రు మేటవేసి నీరు వెనక్కి జరిగిందనీ, వలలకి కట్టే సీసపు గుళ్లు, గాలాలు ఇక్కడ దొరికాయనీ అరవ్ వర్గం జవాబు.

రెండో దిబ్బ ఎల్-అరాజ్. ఇది ఒడ్డునే ఉంది. ఒకప్పుడు ఇది నీళ్లకింద ఉండేదని కొట్టిపారేశారు. 2016లో మొర్దెకాయ్ అవియమ్, స్టీవెన్ నోట్లీ తవ్వకాలు మొదలుపెట్టాక లెక్క మారింది. 2017లో రోమన్ల కాలపు పొర, స్నానశాల ఆనవాళ్లు దొరికాయి. వాటిపైన బైజాంటియన్ల కాలంనాటి చర్చి. ఎనిమిదో శతాబ్దంలో విల్లిబాల్డ్ అనే యాత్రికుడు, పేతురు, అంద్రెయల ఇంటిమీద కట్టిన చర్చిని బేత్సయిదాలో చూశానన్నాడు. 2022లో ఆ చర్చి నేలమీది రంగురాళ్ల పలకల్లో గ్రీకు రాత బయటపడింది. అందులో 'అపొస్తలుల నాయకుడి'ని వేడుకుంటూ ఓ ప్రార్థన. ఆ బిరుదు పేతురుదే అంటారు తవ్వినవాళ్లు.

దాంతో చాలామంది ఒడ్డునున్న దిబ్బవైపే మొగ్గుతున్నారు. అరవ్ వర్గం మాత్రం ఒప్పుకోవడం లేదు. ఎట్-టెల్ మీద 1967 యుద్ధానికి ముందు సిరియా సైనికులు తవ్విన కందకాలు ఇంకా కనిపిస్తాయి. అక్కడ నిలబడి చూస్తే కింద మైదానం, దాని అవతల నీళ్లు... ఆ నీళ్ల అంచునే ఎల్-అరాజ్.