రాతియుగంలో బంగారం లేదు

మా కాలేజీలో తరగతులైపోయాక అయిదుగురు విద్యార్థులు ఒక బల్ల చుట్టూ కూచుని ఒక ఆట ఆడతారు. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవాళ్లు తలా ఒక పాత్ర ధరించి, ఆ కథలో తామేం చేస్తారో చెబుతారు. ఫలితం పాచికలు తేలుస్తాయి. 1974లో అమెరికాలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పేరుతో అచ్చయిన ఆట దీనికి మూలం. కోటలతో, రాజులతో విసుగెత్తి రాతియుగంలో ఒక కథాలోకం కట్టదలచారు. తెలుగు చెప్పేవాణ్ణి గనుక మాటల సాయానికి నన్ను పిలిచారు. పిల్లలాటే గదా అని వెళ్లాను.

రాతియుగమంటే వాళ్లకు సినిమాల్లో చూసిన మంచు మైదానాలే. అంత దూరం దేనికి? నంద్యాల జిల్లా జ్వాలాపురంలో నేల కింద ఒక బూడిద పొర ఉంది. దాదాపు 74,000 ఏళ్ల క్రితం సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చి పడిన బూడిద అది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. ఆ జిల్లాలోనే బిల్లసర్గం గుహల్లో 1880ల్లో ఖడ్గమృగం ఎముకలు సైతం బయటపడ్డాయి. ఆకాశం నుంచి బూడిద రాలే రోజుల్లో ఒక చిన్న గుంపు ఏం చేసి ఉంటుంది? మా కథ అక్కడ మొదలైంది.

తర్వాత తీసివేతలు మొదలయ్యాయి. ఇనుము లేదు, కుండ లేదు, గింజలు చల్లే చేను లేదు. గుంపు పెద్ద నోట నేను రాసిన మొదటి మాటే, “మన పంట పండింది!” అమ్మాయొకతె నవ్వింది. “ఏం పంట సార్?” “నీ రుణం తీర్చుకుంటాను” అని రాస్తే, అప్పులెక్కడివన్నారు. మన సంతోషంలో సాగునేల, మన కృతజ్ఞతలో వడ్డీవ్యాపారి దాగి ఉన్నారని నాకు అప్పుడే తట్టింది.

అంతకన్నా పెద్ద చిక్కు ఆట నియమాల్లో వచ్చింది. ఆ ఆట తొలి నియమాల ప్రకారం, ఎక్కువగా తెచ్చుకున్న బంగారాన్ని బట్టి ఆటగాడి అనుభవం పెరుగుతుంది. మా లోకంలో బంగారం లేదు. మరి అనుభవాన్ని దేనితో కొలవాలి? “అప్పుడు అందరూ సమానులే. దొరికింది పంచుకు తింటారు, అంతే” అన్నాను ధీమాగా. కథ నడిపే కుర్రాడు ఒప్పుకోలేదు. “వాళ్లది మంచితనం అనేస్తే ఇక కథేముంది సార్? దొరికింది ఒక్క జింక, తినేవాళ్లు పన్నెండు మంది, అందులో నడవలేని ముసలామె ఒకర్తె. అప్పుడు పంచుకుంటారా లేదా అన్నది తేలాలి గదా!” వాడన్నది నిజం. రాజును కల్పించే రచయిత ఆ మనుషుల్ని సేవకుల్ని చేస్తే, వాళ్లను అమాయకులుగా కీర్తించే నేను బొమ్మల్ని చేస్తున్నాను. పంపకం వాళ్లకు పుట్టుకతో అబ్బిన గుణమైతే అందులో వాళ్ల ఘనత ఏముంది?

నా ప్రారంభ దృశ్యంలో ఒక వేటగాడు కోపంతో బండను బద్దలుకొట్టి కత్తి చేసుకుంటాడు. అంతదాకా మాట్లాడకుండా కూచున్న ఒక విద్యార్థి అది చదివి కాగితం పక్కన పెట్టాడు. అతని తండ్రి రాళ్లు కొట్టి బతుకుతాడు.

“కోపంతో కొడితే రాయి ముక్కలవుతుంది సార్, పనిముట్టు కాదు. రాతికి వాటం ఉంటుంది. ముందు తట్టి చప్పుడు వినాలి. మా నాన్న విన్నాకే దెబ్బ వేస్తాడు. నాకూ అట్లానే నేర్పాడు.”

ఎమ్మే చదివి, ఏళ్ల తరబడి శ్రమను గురించి పాఠాలు చెబుతున్న నేను, శ్రమ చేసే చేతికి బుద్ధి ఉంటుందని నా మొదటి పేజీలోనే మరిచిపోయాను. ‘అనాగరికుడు’ అన్న మాట రాయలేదు గాని, రాసిన దృశ్యమంతా అదే. చరిత్ర నవలల్లో రాజులు తప్ప మనుషులు లేరని విమర్శించేవాళ్లం మనం. రాజును తీసేసినంత మాత్రాన మనిషి దానంతటదే ప్రత్యక్షం కాడు. పని తెలిసినవాణ్ణి అడిగి రాయాలి.

ఆ సాయంత్రం వాళ్లు నియమం మార్చుకున్నారు. ఎవరికి వారు సంపాదించినదానికి లెక్క లేదు. తనకు తెలిసిన పని మరొకరికి నేర్పితేనే అనుభవం పెరుగుతుంది. నేను ప్రారంభ దృశ్యం తిరగరాశాను. ఇప్పుడందులో బూడిద రాలుతుంటే ఒక తండ్రి రాతిని తడుతున్నాడు. పక్కన పిల్లవాడు చెవి ఒగ్గి వింటున్నాడు.