లంకెబిందెల ధర కట్టకండి

గండిపేట, మొయినాబాద్ చుట్టుపక్కల ఎవరికైనా మెటల్ డిటెక్టర్ అమ్మకానికి ఉందని చెప్పి చూడండి. ధర సంగతి తర్వాత, "బంగారం పడ్తదా అన్నా?" అనే మాటే ముందొస్తుంది. ఆ మాటకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పకుండా న్యాయమైన ధర కట్టలేమని నా నమ్మకం.

నేను అమ్ముతున్నది గారెట్ ఏస్ 250. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. కింద ఉన్న కాయిల్ నుంచి అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. అక్కడ లోహముంటే అందులో చిన్న కరెంటు పుడుతుంది, దాని జాడ తిరిగి కాయిల్‌కు అందుతుంది. ఇనుముది ఒక కూత, వెండి రూపాయిది ఇంకో కూత. బంగారానికంటూ వేరే కూత లేదు. సన్నటి ఉంగరమూ సిగరెట్ పెట్టెలోని రేకూ ఇంచుమించు ఒకేలా పలుకుతాయి. బిళ్ల జానెడు లోపు ఉంటేనే దొరుకుతుంది, మూరెడు లోతున ఉంటే దీనికి తెలియదు.

నేలను బట్టి కూడా పనితనం మారుతుంది. ఎర్రమట్టిలో ఇనుము పాలు ఎక్కువైతే, ఏమీ లేనిచోట కూడా కూస్తుంది. మట్టికి తగ్గట్టు సరిచేసే మీట ఈ మోడల్‌లో లేదు. సెన్సిటివిటీ తగ్గిస్తే కూత ఆగుతుంది, దాంతోపాటు లోతూ తగ్గుతుంది. చేవెళ్ల చేలలో వాడేవాడికి ఈ మాట ముందే చెప్పాలి.

ఇక ధర. పాత డిటెక్టర్‌కు ప్రాణం కాయిల్. దాని వైరు మడతపడి మడతపడి లోపల తెగుతుంది. వైరు కదిపినప్పుడు గరగరమంటే కొత్త కాయిల్ ఖరీదు మొత్తం ధరలోంచి తీసేయాలి. తర్వాత బ్యాటరీ గూట్లో చిలుము చూడాలి. రెండూ బాగుంటే కొన్న ధరలో సగం న్యాయం. బిల్లు ఉంటే మరికొంత అడగొచ్చు. ఆశకు మాత్రం ఒక్క రూపాయి కూడా కలపకూడదు.

ఆశను అమ్మితే ఎంత దూరం పోతుందో ప్రపంచం చూసింది. గోల్ఫ్ బంతులు వెతికే బొమ్మలాంటి వస్తువును నమూనాగా తీసుకొని, బాంబులు పసిగట్టే యంత్రమంటూ జేమ్స్ మెకార్మిక్ అనే బ్రిటిష్ వ్యాపారి ఇరాక్‌కు వేల డాలర్ల చొప్పున అమ్మాడు. చెక్‌పోస్టుల్లో సైనికులు దాన్ని నమ్ముకున్నారు. 2013లో అతనికి 10 ఏళ్ల జైలుశిక్ష పడింది. మన దగ్గర బియ్యాన్ని లాగుతాయని నమ్మించే రైస్ పుల్లింగ్ చెంబులదీ, దూరం నుంచే నిధి చూపే స్కానర్లదీ అదే వ్యాపారం. అప్పు చేసి కొన్న కుటుంబాలను తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

ఒకవేళ నిజంగానే ఏదో దొరికిందనుకుందాం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉండి 10 రూపాయలకు మించి విలువ చేసేదేదైనా కలెక్టర్‌కు తెలియజేయాల్సిందే. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే నగలున్న బిందె బయటపడింది, అధికారులు స్వాధీనం చేసుకున్నారు. అక్కడ బిందెను బయటపెట్టింది నేల చదునుచేసే పని, డిటెక్టర్ కాదు. పాత గుళ్లు, కోటల దగ్గర తవ్వడమైతే నేరమే. రాత్రిపూట తవ్వకాలకని అడిగేవాళ్లకు రెట్టింపు ధర ఇచ్చినా అమ్మకూడదు.

దీనికి నిజమైన గిరాకీ వేరే ఉంది. దున్నకాల్లో మట్టి కింద కప్పుకుపోయిన బోరు కేసింగ్ వెతుక్కునే రైతు ఉన్నాడు. మొద్దును కోతకు ఎక్కించే ముందు లోపల మేకు ఉందేమో చూసుకోవాల్సిన సామిల్లు యజమాని ఉన్నాడు. గండిపేట ఫంక్షన్ హాళ్ల పచ్చికలో పెళ్లి ఉంగరం జారవిడుచుకున్న ఇల్లాలు ఉంది. వీళ్లకు జానెడు లోతు చాలు.

కాబట్టి ఎవరి దగ్గర కొన్నా ఒక రూపాయి బిళ్ల, ఒక మేకు, ఒక రేకు ముక్క వెంట తీసుకెళ్లండి. మీ నేలలాంటి మట్టిలోనే పాతిపెట్టి, మీ చెవులతో విని, ఆ తర్వాత డబ్బులివ్వండి.